ఎల్లోస్టోన్ సరస్సులో పడవ మీద చేపల వేట: మొదటి నుంచి చివరి దాకా

వేసవిలో వ్యోమింగ్ రాష్ట్రంలోని ఎల్లోస్టోన్ పార్కులో, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే ఎగజిమ్మే వేడినీటి బుగ్గ దగ్గర కాసేపు నిలబడితే ఏదో ఒక మూల నుంచి తెలుగు మాట వినపడుతుంది. అమెరికాలో ఉంటున్న మన కుటుంబాలకు, ఇక్కడికి వచ్చిన అమ్మానాన్నలకు ఎల్లోస్టోన్ అంత ఇష్టమైన యాత్ర. అయితే అదే పార్కులో ఉన్న ఎల్లోస్టోన్ సరస్సు దగ్గర చాలామంది కారు ఆపి, రెండు ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతారు. ఆ నీళ్ళ మీద పడవ వేసుకుని గాలం వేయొచ్చు. అక్కడ ఒక జాతి చేప పడితే తప్పనిసరిగా చంపాలి, ఇంకో జాతి పడితే తప్పనిసరిగా వదిలేయాలి. అలాంటి సరస్సుకు ఎలా సిద్ధపడాలో వివరంగా చెబుతాను.

ముందు కొలతలు చూడండి. సముద్రమట్టానికి 7,733 అడుగుల ఎత్తు. పొడవు సుమారు 20 మైళ్ళు, వెడల్పు 14 మైళ్ళు, ఒడ్డు చుట్టుకొలత దాదాపు 141 మైళ్ళు. లోతు కొన్నిచోట్ల 400 అడుగులు దాటుతుంది. ఉత్తర అమెరికాలో ఏడు వేల అడుగులకు పైన ఉన్న సరస్సుల్లో ఇదే పెద్దది. రోడ్డు ఉన్నది పడమర, ఉత్తరం ఒడ్డుల్లోనే. తూర్పు ఒడ్డులో చాలా భాగానికి, దక్షిణం వైపు చేతుల్లా చొచ్చుకుపోయిన పాయలకు పడవలోనో నడిచో వెళ్ళాల్సిందే. అక్కడ ఫోన్ పలకదు. నీళ్ళు ఎండాకాలంలోనూ ప్రమాదకరమైనంత చల్లగా ఉంటాయి. అందుకని ఈ ప్రయాణంలో ప్రతి నిర్ణయమూ గాలిని, చలిని అడిగి తీసుకోవాలి. చేప మూడో స్థానంలో ఉంటుంది.

1. రెండు చేపల కథ తెలుసుకోండి

ఈ సరస్సుకు సొంత చేప ఎల్లోస్టోన్ కట్‌థ్రోట్ ట్రౌట్. దవడ కింద కత్తితో గీసినట్టు ఎర్రటి గీత, లేత పసుపు గోధుమ రంగు ఒంటి మీద నల్లటి చుక్కలు. వేసవి మొదట్లో ఇది గుడ్లు పెట్టడానికి సరస్సులో కలిసే వాగుల్లోకి ఎదురీదుతుంది. అప్పుడు ఎలుగుబంట్లు, గద్దలు, నీటికుక్కలు దాన్ని తిని బతుకుతాయి.

1994లో ఇదే సరస్సులో లేక్ ట్రౌట్ పట్టుబడింది. అది ఇక్కడిది కాదు. 1890లో పక్కనున్న లూయిస్, షోషోన్ సరస్సుల్లో తెచ్చి వదిలిన జాతి. అక్కడి నుంచి ఎవరో దీన్ని ఇందులోకి చేర్చారని పరిశోధకుల అంచనా. పెద్ద లేక్ ట్రౌట్ ఒక్కటే ఏడాదికి నలభై దాకా కట్‌థ్రోట్‌లను మింగగలదు. పైగా అది లోతు నీళ్ళలో బతుకుతుంది, వాగుల్లోకి రాదు. కట్‌థ్రోట్ తగ్గితే దాని చోటును లేక్ ట్రౌట్ నింపదు. ఎలుగుకు, గద్దకు ఆ తిండి పోయినట్టే. సరస్సులో కలిసే క్లియర్ క్రీక్ అనే ఒక్క వాగులోకే 1978లో 70 వేలకు పైగా కట్‌థ్రోట్‌లు ఎక్కాయి. 2007 నాటికి ఆ లెక్క వెయ్యిలోపుకు పడిపోయింది.

అప్పటి నుంచి పార్కు సిబ్బంది, కాంట్రాక్టు పడవలు వలలు వేసి 40 లక్షలకు పైగా లేక్ ట్రౌట్‌లను తీసేశారు. కట్‌థ్రోట్ మెల్లగా కోలుకుంటోంది. గాలం వేసేవాళ్ళకు పెట్టిన రూలు కూడా దీనికోసమే: ఈ సరస్సులో పట్టిన లేక్ ట్రౌట్‌ను తిరిగి వదలకూడదు, ఎన్ని పట్టినా పరిమితి లేదు. కట్‌థ్రోట్‌ను మాత్రం వెంటనే వదిలేయాలి. "పట్టి వదలడమే మంచి వేట" అని మరోచోట నేర్చుకున్నవాళ్ళు ఈ తేడాను బాగా గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడ జాలిపడి వదిలిన ఒక్క లేక్ ట్రౌట్ ఏళ్ళ తరబడి ఆ వాగులకు నష్టం చేస్తుంది.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. లేక్ ట్రౌట్‌కు ముదురు బూడిద, ఆకుపచ్చ కలిసిన ఒంటి మీద లేత రంగు చుక్కలుంటాయి, తోక లోతుగా చీలి ఉంటుంది, దవడ కింద ఎర్ర గీత ఉండదు. బయల్దేరే ముందు రెండిటి ఫొటోలు ఫోన్‌లో దాచుకుని పడవలో అందరికీ చూపించండి. అనుమానం వస్తే వదిలేయండి.

2. నెల ఎంచుకోవడం

సరస్సు డిసెంబర్ చివర్లోనో జనవరిలోనో గడ్డకడుతుంది. ఆ మంచు మే చివర్లోనో జూన్ మొదట్లోనో విడుస్తుంది. వేట కాలం స్థూలంగా మే చివరి నుంచి అక్టోబర్ చివరి వరకు. కచ్చితమైన తేదీలు, మూసిన ప్రాంతాల వివరాలు ఏటా పార్కు వెబ్‌సైట్‌లో వస్తాయి, బుకింగ్‌కు ముందు అవి చదవండి.

మంచు విడిచిన తొలి వారాల్లో పైనీళ్ళు కూడా చల్లగా ఉంటాయి కాబట్టి లేక్ ట్రౌట్ ఒడ్డు దగ్గరికి, పది నుంచి ముప్పై అడుగుల లోతుకు వస్తుంది. ప్రత్యేక సామాను లేకుండా పట్టాలంటే ఇదే అదను. ఇబ్బంది ఏంటంటే, పడవ తిరగబడి నీళ్ళలో పడితే ప్రాణానికి అత్యంత ప్రమాదకరమైన రోజులు కూడా అవే. జూలై, ఆగస్టులో పైనీళ్ళు కాస్త వేడెక్కాక అది లోతుకు దిగిపోతుంది. అరవై, వంద, ఒక్కోసారి నూట యాభై అడుగుల్లో వెతకాలి. సెప్టెంబర్, అక్టోబర్‌లో గుడ్లు పెట్టడానికి మళ్ళీ రాతి నేలల మీదికి చేరుతుంది. అప్పటికి మెరీనా (పడవల రేవు) సేవలు చాలావరకు మూసేస్తారు, మంచు కూడా కురవొచ్చు.

పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళే కుటుంబానికి నా సలహా జూలై. వాతావరణం నిలకడగా ఉంటుంది, మెరీనా తెరిచి ఉంటుంది. అనుభవమున్న ఇద్దరు ముగ్గురు స్నేహితులైతే జూన్ రెండో సగం. బస మాత్రం చాలా ముందుగా చూసుకోవాలి. లేక్ లాడ్జ్, గ్రాంట్ విలేజ్, బ్రిడ్జ్ బే క్యాంప్‌గ్రౌండ్ సరస్సుకు దగ్గర. వేసవి గదులు ఏడాది ముందే నిండిపోతుంటాయి. పార్కు బయట దిగితే తెల్లవారుజామున నీళ్ళ మీద ఉండడం కుదరదు, ఈ సరస్సులో తెల్లవారుజాము పోతే రోజే పోయినట్టు.

3. ఏ పడవ?

మొదటిసారి వెళ్తుంటే గైడ్‌తో చార్టర్ పడవ తీసుకోండి. బ్రిడ్జ్ బే మెరీనా నుంచి ఇవి నడుస్తాయి. ఖర్చు ఎక్కువే కానీ పడవ, గాలాలు, లోతు చూపించే సోనార్, అన్నిటికీ మించి గాలి గురించి తెలిసిన మనిషి దొరుకుతారు. చార్టర్‌లో వెళ్ళినా మీ ఫిషింగ్ పర్మిట్ మీరే తీసుకోవాలి.

అదే మెరీనాలో మోటారు పడవలు అద్దెకిస్తారు. ఈ సేవలు ఒక్కో ఏడాది ఒక్కోలా ఉంటాయి కాబట్టి ముందే ఫోన్ చేయండి. ఎంత దూరం పోనిస్తారు, గాలి లేస్తే డబ్బు వెనక్కి ఇస్తారా అనేవి కూడా అడగండి.

సొంత పడవ తీసుకెళ్ళేవాళ్ళు ఇంజిన్ గురించి ఆలోచించాలి. ఎత్తు పెరిగే కొద్దీ గాలి పలచబడుతుంది, ప్రతి వెయ్యి అడుగులకు దాదాపు 3 శాతం శక్తి తగ్గుతుంది. డాలస్ చెరువుల్లో దూసుకుపోయిన పడవ ఇక్కడ ఐదో వంతుకు పైగా బలం పోగొట్టుకుంటుంది. కార్బ్యురేటర్ ఉన్న పాత ఇంజిన్లయితే ఎత్తుకు తగ్గట్టు సరిచేయించాలి. పదహారు అడుగులకన్నా చిన్న మోటారు పడవతో సరస్సు మధ్యకు పోవడం నాకు సమ్మతం కాదు. కయాక్‌లు, కనూలు ఒడ్డు వెంబడే సాగాలి; పాయలు, అఖాతాలు అడ్డంగా దాటాలంటే పొద్దున్నే, నీరు నిశ్చలంగా ఉన్నప్పుడే.

4. అనుమతులు, పడవ తనిఖీ

పార్కు లోపల వ్యోమింగ్ రాష్ట్ర లైసెన్స్ చెల్లదు, అక్కర్లేదు కూడా. ఎల్లోస్టోన్ ఫిషింగ్ పర్మిట్ వేరే తీసుకోవాలి. 16 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ అది ఉండాలి. మూడు రోజులకు, వారానికి, సీజన్‌కు ఇస్తారు. పిల్లలు పెద్దవాళ్ళ పర్మిట్ కింద, వాళ్ళు పక్కన ఉండగా పట్టొచ్చు.

పడవకు ఇంకో పర్మిట్. గాలి నింపే చిన్న తెప్ప నుంచి పెద్ద మోటారు పడవ దాకా అన్నిటికీ కావాలి. ఇవ్వడానికి ముందు పడవను తనిఖీ చేస్తారు. వాళ్ళు వెతికేది క్వాగా, జీబ్రా జాతుల చిన్న ఆల్చిప్పలు, కలుపు మొక్కలు. అవి ఒక్కసారి సరస్సులో చేరితే తీసేయడం ఎవరి వల్లా కాదు. 2023లో ఇడాహోలోని స్నేక్ నదిలో క్వాగా కనపడ్డాక కట్టుదిట్టం పెరిగింది. 2025 నుంచి ట్రైలర్ మీద తెచ్చే మోటారు పడవలు, పెద్ద తెరచాప పడవలు 30 రోజులు పూర్తిగా ఆరిన తర్వాతే ఇక్కడ దించాలి. అంటే జూలైలో వెళ్ళాలనుకుంటే జూన్‌లో మీ ఊరి చెరువులో ఆ పడవ దించకూడదు. సెలవులు పెట్టే ముందే ఈ లెక్క చూసుకోండి. ఆ రూలు మీ పడవ రకానికి ఎలా వర్తిస్తుందో పార్కు వాళ్ళను అడగండి. దారిలో వ్యోమింగ్ తనిఖీ కేంద్రం తెరిచి కనపడితే తప్పకుండా ఆగాలి. పడవ శుభ్రంగా, పొడిగా, నీళ్ళు వంపేసి ఉంటే పని త్వరగా అవుతుంది.

5. గాలం సామాను

ఇక్కడి నియమాలు మనవాళ్ళ అలవాట్లకు పూర్తిగా వేరు. వానపాము, రొయ్య, పిండి, చేప ముక్క, వాసన పూసిన ఎర ఏదీ పనికిరాదు. కృత్రిమ ఎరలే వాడాలి. కొక్కేనికి ముల్లు ఉండకూడదు; ఉన్నవాటిని ప్లయర్‌తో గట్టిగా నొక్కి చదును చేయండి. గుడ్డ మీద గుచ్చి లాగితే దారం పట్టకుండా రావాలి, అదే పరీక్ష. మనిషికి ఒక్క కర్ర. చిన్న సీసపు గుండ్లు, సీసపు జిగ్గులు (తల దగ్గర బరువున్న కొక్కేలు) నిషేధం, నీటిపక్షులు మింగి చస్తాయి కాబట్టి. బదులుగా తగరం, టంగ్‌స్టన్‌వి కొనుక్కోండి. ఎరను లోతుకు దించడానికి లోపల సీసపు తీగ ఉన్న గాలం దారం, నాలుగు పౌండ్లు దాటిన డౌన్‌రిగ్గర్ (బరువు కట్టి ఎరను లోతులో నిలిపే పరికరం) బరువులు మాత్రం అనుమతిస్తారు. పక్షి వాటిని మింగలేదు.

జూన్‌లో మధ్యస్థమైన కర్ర, వెండి లేదా రాగి రంగు స్పూన్లు (చెంచా ఆకారపు లోహపు ఎరలు) చాలు. మధ్య వేసవిలో డౌన్‌రిగ్గర్ లేకపోతే బరువైన స్పూన్‌ను నిట్టనిలువుగా దించి పైకీ కిందకీ ఆడించవచ్చు, పడవ గాలికి కదలకుండా ఉంటేనే. కట్‌థ్రోట్ పిల్లను పోలిన రంగులు లేక్ ట్రౌట్‌ను బాగా లాగుతాయి, దాని తిండి అదే కదా. పడవ వెనకాల ఎర లాగుతుంటే గంటకు రెండు మైళ్ళ వేగం చుట్టుపక్కల ఉండండి. జీపీఎస్‌లో చూస్తూ నడపండి.

6. గాలి, చలి: ఇక్కడ తొందరపడకండి

పొద్దున సరస్సు అద్దంలా ఉండొచ్చు. మధ్యాహ్నానికి నైరుతి నుంచి గాలి లేస్తుంది, ఇది దాదాపు రోజువారీ తంతు. అడ్డంకి లేకుండా మైళ్ళ తరబడి నీళ్ళ మీద వీచే గాలి మూడు నుంచి ఐదు అడుగుల కెరటాలు లేపుతుంది, అదీ నిమిషాల్లో. జూలై, ఆగస్టు మధ్యాహ్నాల్లో పిడుగులూ తోడవుతాయి.

కాబట్టి రోజు ఇలా వేసుకోండి. సూర్యోదయానికి పడవను నీళ్ళలోకి దించే ర్యాంపు దగ్గర ఉండాలి (వేట సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకే). సరస్సును అడ్డంగా దాటే పని ఏదైనా ఉంటే మొదటి రెండు గంటల్లో ముగించాలి. పది గంటలకల్లా ఒడ్డు దగ్గరికి, వీలైతే గాలికి మాటుగా ఉన్న పడమర ఒడ్డుకు వచ్చేయాలి. పదకొండుకు ఇంటిదారి. చేపలు అప్పుడే మొదలుపెట్టాయని ఎవరైనా అన్నా సరే, వచ్చేయండి. ఆ మాట పట్టుబట్టి అమలు చేసే మనిషిని ఒడ్డునే నిర్ణయించుకోండి; పడవలో ఓట్లు పెట్టుకోవద్దు.

నీళ్ళ సగటు చలి 41 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 5 సెల్సియస్. అంత చలిలో మనిషి ఇరవై ముప్పై నిమిషాలు బతికుంటాడని పార్కు హెచ్చరిస్తుంది. పడిన క్షణంలో ఊపిరి అదుపు తప్పి ఎగశ్వాస వస్తుంది. లైఫ్ జాకెట్ లేకపోతే ఆ మొదటి నిమిషంలోనే నీళ్ళు మింగేస్తారు. తర్వాత పది నిమిషాల్లో వేళ్ళు, చేతులు పనిచేయడం మానేస్తాయి. ఎంత బాగా ఈత వచ్చినవాళ్ళయినా ఒడ్డు చేరలేకపోవడానికి కారణం ఇదే. గోదావరిలో ఈదిన అలవాటు ఇక్కడ అక్కరకు రాదు. అందుకే లైఫ్ జాకెట్ సీటు కింద ఉంచడం కాదు, ర్యాంపు దగ్గర తొడిగితే మళ్ళీ ర్యాంపు దగ్గరే విప్పాలి, పెద్దలూ పిల్లలూ అందరూ. నడుముకు కట్టే గాలి బెల్టులు ఈ చలికి సరిపోవు, ఒంటికి పట్టేవే వాడండి. పడవ తిరగబడితే దాన్ని వదలొద్దు; పైకి ఎక్కి ఎంత ఒళ్ళు నీళ్ళకు బయట ఉంచగలిగితే అంత మంచిది.

బట్టల్లో నూలు వద్దు, తడిస్తే ఒంటి వేడి లాగేస్తుంది. ఉన్ని లేదా సింథటిక్ లోపలి బట్టలు, పైన వాన కోటు, నీళ్ళు చొరని సంచిలో ఒక జత మారు బట్టలు. పడవలో ఉండాల్సినవి: ఈల లేదా హారన్, మంట ఆర్పే సిలిండర్, పదహారు అడుగులు లేదా అంతకు మించిన పడవైతే నీళ్ళలో పడినవాళ్ళకు విసిరే తేలుడు కుషన్, లంగరు, పొడవైన తాడు, తెడ్లు, నీళ్ళు తోడే డబ్బా. ఫోన్ పలకని చోట కూడా సందేశం పంపే శాటిలైట్ మెసెంజర్ అద్దెకైనా తీసుకోండి. ఇంధనాన్ని మూడు భాగాలు చేసి పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, గాలికి ఎదురెళ్ళాల్సి వస్తే ఒకటి అని లెక్కేయండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో కాగితం మీద రాసి ఒడ్డున ఉన్నవాళ్ళకు ఇవ్వండి.

వచ్చిన రోజే పడవ ఎక్కొద్దు. ఎత్తుకు తలనొప్పి, వికారం రావచ్చు. ఒక రాత్రి నిద్రపోయి, నీళ్ళు బాగా తాగి, మర్నాడు దిగండి. బీపీ, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్ళు ముందుగా డాక్టర్‌ను అడగాలి.

7. ఎక్కడ వెతకాలి, ఎక్కడికి పోకూడదు

పడమర చివర వెస్ట్ థంబ్ అనే గుండ్రటి భాగం లేక్ ట్రౌట్‌కు పేరున్న చోటు. అందులోని క్యారింగ్టన్ దీవి చుట్టూ ఉన్న రాతి నేల వాటికి ముఖ్యమైన గుడ్లు పెట్టే స్థలం. వెస్ట్ థంబ్‌ను పెద్ద సరస్సుతో కలిపే బ్రీజ్ ఛానెల్ ఇంకొకటి. గ్రాంట్ విలేజ్ ర్యాంపు నుంచి దిగితే ఇవి దగ్గర. కట్‌థ్రోట్ కావాలంటే దూరం పోనక్కర్లేదు, ఒడ్డు వెంబడి ఇరవై అడుగుల లోపు లోతులో తిరుగుతుంది.

దక్షిణపు పాయల చివరి భాగాల్లో మోటారు నిషేధం, తెడ్డు పడవలకే చోటు. కొన్నిచోట్ల గంటకు 5 మైళ్ళ పరిమితి. ఆగ్నేయ పాయలోని మాలీ దీవుల మీద తెల్ల పెలికాన్లు గూళ్ళు పెడతాయి, వాటి దగ్గరికి పడవ తీసుకెళ్ళకూడదు. వెస్ట్ థంబ్ వేడినీటి బుగ్గల ఒడ్డున పడవ ఆపకూడదు. ఫిషింగ్ బ్రిడ్జ్ మీద పేరు చూసి గాలం తీయకండి, అక్కడ వేట 1973లోనే ఆపేశారు.

8. చేప పడ్డాక

కట్‌థ్రోట్ అయితే నీళ్ళలోనే ఉంచి, తడి చేత్తో పట్టుకుని, కొక్కెం వెనక్కి తిప్పి తీసి వదలండి. ఫొటో కావాలంటే కెమెరా ముందే సిద్ధం చేసుకోండి. ముల్లు లేని కొక్కెం కాబట్టి క్షణాల పని.

లేక్ ట్రౌట్ అయితే తల మీద గట్టిగా ఒక దెబ్బ కొట్టి వెంటనే చంపండి, మొప్పలు కోసి రక్తం వంపి ఐస్‌లో పెట్టండి. తినాలనుకోకపోతే గాలితిత్తి పొడిచి లోతు నీళ్ళలో వేయాలి. అప్పుడు అది మునిగిపోతుంది, ఆ పోషకాలు సరస్సులోనే ఉంటాయి. పేగులు కూడా లోతుకే. ఒడ్డున, క్యాంపు దగ్గర, పడవ కట్టే చోట వేస్తే ఎలుగుబంటిని పిలిచినట్టే.

తినమనే నా సలహా. మాంసం కొవ్వుగా ఉంటుంది, పొలుసులు చాలా చిన్నవి. వెన్నలో వేయించి నిమ్మకాయ పిండుకోవడం అక్కడివాళ్ళ పద్ధతి. మనకైతే పులుసే. పులస తిన్నవాళ్ళకు కొవ్వున్న చేపకు చింతపండు ఎందుకు పడుతుందో చెప్పక్కర్లేదు. చింతపండు గుజ్జు, కారం, మెంతిపొడి ఇంటి నుంచి తెచ్చుకోండి, ముక్కలు కాస్త పెద్దవిగా కోయండి, పులుసు మరిగాకే వేసి గరిటె పెట్టకుండా గిన్నె తిప్పండి.

9. రాత్రి అవతలి ఒడ్డున ఉండాలంటే

పడవలో చేరుకునే క్యాంపులు తూర్పు, దక్షిణ ఒడ్డుల్లో ఉన్నాయి. వాటికి బ్యాక్‌కంట్రీ పర్మిట్, అంటే రోడ్డు లేని అడవి ప్రాంతంలో రాత్రి ఉండడానికిచ్చే అనుమతి కావాలి. వాగుల్లో కట్‌థ్రోట్ ఎక్కే కాలంలో ఎలుగుల కోసం కొన్నిటిని జూలై మధ్య వరకు మూసి ఉంచుతారు. గుడారానికి వంట చేసే చోటు కనీసం వంద గజాల దూరంలో ఉండాలి, తిండి, టూత్‌పేస్టు, పులుసు గిన్నె, చేప వాసన పట్టిన చొక్కా అన్నీ రాత్రికి పైకి వేలాడదీయాలి. ఎలుగును నిలువరించే కారపు బేర్ స్ప్రే నడుముకే ఉండాలి. విమానంలో తేనివ్వరు కాబట్టి దిగాక కొనండి. వెనక్కి వచ్చే రోజుకు ఒక అదనపు రోజు తిండి, సెలవు పెట్టుకోండి. గాలి ఆగకపోతే ఆగాల్సింది మీరే.

10. వెళ్ళిపోయేటప్పుడు

ర్యాంపు దగ్గరే పడవ అడుగు ప్లగ్ తీసి నీళ్ళన్నీ వంపండి. లంగరు తాడు, బూట్లు, వలబుట్ట కడిగి ఎండలో ఆరబెట్టండి. అడుగున ఉన్నితో చేసిన ఫెల్ట్ బూట్లు ఈ పార్కులో నిషేధం, తేనే వద్దు. పట్టిన లేక్ ట్రౌట్‌ల వివరాలు రేంజర్లకు చెప్పండి, ముఖ్యంగా ఎంత లోతులో, ఎక్కడ పడ్డాయో. ఏదైనా చేపకు ట్యాగ్ కనపడితే దాని మీది అంకె రాసుకుని వాళ్ళకు అందజేయండి. వలలు ఎక్కడ వేయాలో నిర్ణయించడానికి ఆ సమాచారం పనికొస్తుంది.